తలనొప్పికి పేర్లు పెట్టిన కథ

 

ఇవాళ్టి ఎపిసోడ్‌లో రాజులూ యుద్ధాలూ లేవు. ఒక నొప్పి చరిత్ర చెప్పుకుందాం. తలనొప్పి. ఇది ఎరగనివాళ్ళు ఉండరు. విసిగించే మనిషిని కూడా "వాడో పెద్ద తలనొప్పి" అంటాం, అంతగా మన మాటల్లో కలిసిపోయింది. "ఒక బిళ్ళ వేసుకుని పడుకుంటే తగ్గేదానికి చరిత్ర ఏముంటుందండీ?" అని మీరు అడగొచ్చు. ఉంది. రెండు వేల ఏళ్ళ చరిత్ర ఉంది. అందులో మన ఇంట్లో రేపు పనికొచ్చే సంగతి కూడా ఒకటి ఉంది.

ఒకసారి ఆలోచించండి. జ్వరం వస్తే థర్మామీటర్ పెట్టి చూస్తాం. షుగర్‌కి రక్తపరీక్ష ఉంది. ఎముక విరిగితే ఎక్స్‌రేలో కనిపిస్తుంది. మరి మైగ్రేన్‌కి? దాన్ని పట్టి చూపించే రక్తపరీక్ష గానీ స్కాన్ గానీ ఈ రోజుకీ లేదు. స్కాన్ తీసేది వేరే ప్రమాదమేదీ లేదని తేల్చుకోవడానికే. మైగ్రేన్ అని చెప్పేది మాత్రం రోగి మాటల్ని బట్టే. నొప్పి ఎక్కడ, ఎంతసేపు, ఎన్ని రోజులకోసారి, ఆ సమయంలో మనిషి ఏం చేస్తాడు... ఇవే పరీక్షలు. అంచేత ఈ చరిత్రంతా చెప్పడం, వినడం అనే రెండు పనుల చుట్టూ తిరుగుతుంది. సరిగ్గా విన్నప్పుడల్లా వైద్యం ఒక అడుగు ముందుకు పడింది. విననప్పుడు మనుషులు అనవసరంగా పళ్ళు పీకించుకున్నారు, రక్తనాళాలు కోయించుకున్నారు.

మొదటి నుంచీ వద్దాం.

వేల ఏళ్ళ కిందటి పుర్రెలకు రంధ్రాలు ఉన్నాయనీ, అవి తలనొప్పి తగ్గడానికి చేసినవేననీ మీరు వినే ఉంటారు. రంధ్రాలు చేసిన మాట నిజం. ఆ ఎముక అంచులు మళ్ళీ పెరిగాయి కాబట్టి, కొందరు ఆ తర్వాత బతికారన్నదీ నిజం. తలనొప్పి కోసమే చేశారనడానికి మాత్రం ఆధారం లేదు. పుర్రె మాట్లాడదు కదా! అందుకని రాతలో దొరికిన దగ్గర్నుంచి మొదలుపెడదాం.

క్రీస్తు శకం మొదటి శతాబ్దం, రోమ్‌లో క్లాడియస్ చక్రవర్తి కాలం. స్క్రిబోనియస్ లార్గస్ అనే వైద్యుడు మొండి తలనొప్పికి ఒక చిత్రమైన చికిత్స రాశాడు. సముద్రంలో టార్పెడో అని ఒక చేప ఉంటుంది, ముట్టుకుంటే షాక్ కొడుతుంది. బతికున్న ఆ చేపను నొప్పి ఉన్న చోట పెట్టి, అక్కడ మొద్దుబారేదాకా ఉంచమన్నాడు. వింటే నవ్వొస్తుంది. కానీ 2014లో అమెరికాలో, నుదుటికి అతికించుకుని సన్నని కరెంటుతో అక్కడి నరాన్ని తాకే ఒక పరికరానికి మైగ్రేన్ కోసం అనుమతి ఇచ్చారు. ఆలోచన పాతదే, చేప మాత్రం మారింది.

ఆ తర్వాతి శతాబ్దంలో, ఇప్పటి టర్కీలో ఉన్న కప్పడోకియాకి చెందిన అరెటేయస్ అనే వైద్యుడు అసలైన పని మొదలుపెట్టాడు. తలనొప్పులన్నీ ఒకటి కావన్నాడు. అప్పుడప్పుడూ వచ్చి పోయేది ఒకటి. ఏళ్ళ తరబడి వదలనిది ఇంకొకటి. తలలో సగభాగానికే వచ్చేది మూడోది. ఈ మూడోదానిలో వాంతి వచ్చేలా ఉంటుందనీ, రోగి వెలుతురును భరించలేక చీకటిని కోరుకుంటాడనీ రాశాడు. ఇవాళ మైగ్రేన్ రోగిని అడిగినా ఇదే చెబుతారు. అదే శతాబ్దంలో గాలెన్ దీనికి గ్రీకులో సగం పుర్రె అనే అర్థం వచ్చేలా 'హెమిక్రేనియా' అని పేరు పెట్టాడు. ఆ మాటే నోళ్ళలో అరిగి అరిగి, ఫ్రెంచిలో 'మైగ్రేన్' అయింది.

మన దేశంలో కూడా ఇదే పని జరిగింది. సుశ్రుత సంహితలో ఉత్తరతంత్రం అనే చివరి భాగం ఉంది. అందులో శిరోరోగాలు 11 రకాలు అని లెక్కపెట్టారు. వాటిలో రెండు చూడండి. ఒకటి సూర్యావర్తం. సూర్యుడు ఉదయించినప్పుడు కన్ను, కనుబొమ్మ దగ్గర మొదలై, ఎండ ముదిరేకొద్దీ పెరిగి, పొద్దు వాలేకొద్దీ తగ్గేది. నుదుటి ఎముకలోని సైనస్ వాచినప్పుడు వచ్చే నొప్పితో దీన్ని పోల్చేవాళ్ళున్నారు. రెండోది అర్ధావభేదకం. సగం తలను చీల్చినట్టు వచ్చి, పది రోజులకో పదిహేను రోజులకో తిరగబెట్టేది. మనం పార్శ్వనొప్పి అనేది ఇదే. రోమ్‌లో ఒకరు, మన దగ్గర ఒకరు, సగం తల అనే గుర్తునే పట్టుకున్నారు. రోగులు చెప్పింది ఒకటే కాబట్టి.

మరి కారణం? అక్కడ పైత్యం ఆవిరులై తలకెక్కుతుందన్నారు. ఇక్కడ వాత పిత్త కఫాలన్నారు. రెండు చోట్లా వర్ణన ఇవాళ్టికీ సరిపోతుంది. కారణం మాత్రం అప్పటి శాస్త్రం మేరకే. ఈ తేడా గుర్తుంచుకోండి, కథలో మళ్ళీ మళ్ళీ వస్తుంది.

ఇప్పుడు 17వ శతాబ్దపు ఇంగ్లండుకి వెళదాం. ఆన్ కాన్వే అని ఒక గొప్పింటి ఆవిడ. 1631లో పుట్టారు. ఆడవాళ్ళకు విశ్వవిద్యాలయం గడప తొక్కే వీలు లేని రోజుల్లో, ఉత్తరాల ద్వారా తత్వశాస్త్రం చదువుకున్నారు. ఆవిడ రాసిన పుస్తకం ఆవిడ పోయాక 1690లో అచ్చయింది. జర్మన్ తత్వవేత్త లైబ్నిజ్ అంతటివాడు దాన్ని మెచ్చుకున్నాడు. అంతటి మనిషిని చిన్నప్పటినుంచీ పట్టుకున్న తలనొప్పి చచ్చేదాకా వదల్లేదు.

ఆవిడను చూసిన వైద్యులు ఆషామాషీ వాళ్ళు కారు. ఒకరు విలియం హార్వే, రక్తం ఒంట్లో ఎలా తిరుగుతుందో 1628లో లోకానికి చెప్పినాయన. పుర్రెకు రంధ్రం చేయించుకోమని ఆయన సలహా. దానికోసం ఆవిడ ఫ్రాన్సు దాకా వెళ్ళారు. అక్కడి శస్త్రవైద్యులు పుర్రె జోలికి పోలేదు గానీ మెడ దగ్గర రక్తనాళాలు కోశారు. పాదరసం మందులు వాడారు. 1666లో, చేత్తో నిమిరి జబ్బులు నయం చేస్తాడని పేరున్న ఒకాయన్ని ఐర్లండు నుంచి పిలిపించారు. ఏదీ పనిచేయలేదు. 1679లో, 47 ఏళ్ళకి కన్నుమూశారు.

ఇంకొక వైద్యుడు థామస్ విల్లిస్. 'న్యూరాలజీ' అనే మాటను పుట్టించినాయన. 1672లో వచ్చిన పుస్తకంలో ఆవిడ పేరు చెప్పకుండా ఆవిడ నొప్పిని వివరంగా రాశాడు. నయం చేయలేకపోయాడు, కానీ విన్నాడు, రాశాడు. తలలో రక్తనాళాలు ఉబ్బడం వల్లే ఈ నొప్పి అని ఊహించాడు. ఈ ఊహ ఆ తర్వాత దాదాపు 300 ఏళ్ళు బతికింది.

19వ శతాబ్దానికి వస్తే, కథలోకి మెరుపులు వస్తాయి. మైగ్రేన్ ఉన్నవాళ్ళలో కొందరికి నొప్పికి ముందు కళ్ళ ముందు వంకర టింకరగా కోటగోడ అంచులా వెలుగు గీత కనిపిస్తుంది. అది మెల్లగా పెద్దదవుతూ పక్కకు జరుగుతుంది, దాని వెనకాల కాసేపు చూపు ఉండదు. దీన్ని 'ఆరా' అంటారు. హ్యూబర్ట్ ఏరీ అనే వైద్యుడికి ఇది స్వయంగా వచ్చేది. వచ్చిన ప్రతిసారీ అది నిమిష నిమిషానికీ ఎలా మారుతుందో బొమ్మలు వేసి 1870లో ప్రచురించాడు. మూడేళ్ళకి, 1873లో, ఎడ్వర్డ్ లివింగ్ అనే ఇంకో ఆంగ్ల వైద్యుడు ఒక పెద్ద పుస్తకమే రాశాడు. ఇది రక్తనాళాల గొడవ కాదు, మెదడులో లేచే నరాల తుఫాను అన్నాడు. అప్పట్లో ఎక్కువమంది ఒప్పుకోలేదు.

ఇక్కడ ఒక అందమైన సంఘటన ఉంది. 1941లో హార్వర్డ్‌లో కార్ల్ లాష్లీ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, తన కళ్ళ ముందు జరిగే ఆ గీత వేగాన్ని లెక్కగట్టాడు. చూపుకు సంబంధించిన మెదడు పొర మీద ఏదో నిమిషానికి సుమారు 3 మిల్లీమీటర్ల చొప్పున పాకుతోందని తేల్చాడు. యంత్రం లేదు, కాగితం, పెన్సిలు, సొంత తలనొప్పి. మూడేళ్ళకి, అదే హార్వర్డ్‌లో బ్రెజిల్ నుంచి వచ్చిన అరిస్టిడెస్ లియావ్ అనే కుర్రాడు కుందేళ్ళ మెదడు మీద మూర్ఛ గురించి ప్రయోగాలు చేస్తున్నాడు. మెదడు పొర మీద ఒక నిశ్శబ్దపు అల మెల్లగా పాకడం చూశాడు. వేగం? ఇంచుమించు అంతే! ఈ రెండిటినీ కలిపి 1958లో పీటర్ మిల్నర్ ఒక చిన్న వ్యాసం రాశాడు. 2001లో, ఆరా వస్తున్న మనిషి మెదడును ఎమ్మారై యంత్రంలో చూసినప్పుడు అలాంటి అలే కనిపించింది. ఏరీ బొమ్మలకు 131 ఏళ్ళ తర్వాత సాక్ష్యం దొరికిందన్నమాట.

ఇంతలో సామాన్య జనం ఏం చేస్తున్నారు? మన ఇళ్ళలో నుదుటికి శొంఠి పట్టు, తలకు గుడ్డ బిగించి కట్టడం. ఆ తర్వాత తలనొప్పికి ఒక కొత్త వాసన వచ్చింది. 1893లో కృష్ణా జిల్లా నుంచి బొంబాయి వెళ్ళిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు అమృతాంజనం తయారుచేసి అమ్మడం మొదలుపెట్టారు. ఆ పసుపు సీసా మన ఇళ్ళలో ఎంతగా నాటుకుపోయిందో చెప్పక్కర్లేదు. ఆ వ్యాపారం మీద వచ్చిన డబ్బుతోనే పంతులుగారు 1908లో బొంబాయిలో ఆంధ్రపత్రిక వారపత్రికను, 1914లో మద్రాసు నుంచి దినపత్రికను నడిపారు. అంటే తెలుగు పత్రికారంగం వెనక జనం తలనొప్పి ఉందన్నమాట! ఇలాంటి మందుల్లో ఉండే మెంథాల్, చర్మంలో చల్లదనాన్ని గ్రహించే నరాలను తట్టి నొప్పి మీదినుంచి ధ్యాసను కాస్త మళ్ళిస్తుంది. 1899లో జర్మనీ నుంచి ఆస్పిరిన్ వచ్చింది. అక్కణ్ణుంచి ప్రతి తలనొప్పికీ ఒకటే పూత, ఒకటే బిళ్ళ అనే కాలం మొదలైంది. మామూలు నొప్పికి అది చాలు. కానీ బిళ్ళ మనల్ని "ఏ రకం నొప్పి?" అని అడగదు కదా. చిక్కు అక్కడే.

పైగా తలనొప్పులన్నీ బిళ్ళకు లొంగవు. వాటిలో ఘోరమైనది ఒకటుంది. ఒక కంటి చుట్టూ, ఎప్పుడూ అదే పక్క, కాల్చిన ఇనుము గుచ్చినట్టు. ఆ కన్ను ఎర్రబడి నీరు కారుతుంది, ముక్కు కారుతుంది. 15 నిమిషాల నుంచి 3 గంటలు ఉంటుంది. చాలామందికి అర్ధరాత్రి ఒకే వేళకి గడియారం కొట్టినట్టు వస్తుంది. కొన్ని వారాలు రోజూ వచ్చి, నెలల పాటు మాయమై, మళ్ళీ వస్తుంది. గుంపులుగా వస్తుంది కాబట్టి 1952లో దీనికి 'క్లస్టర్' అనే పేరు వచ్చింది. అంతకు ముందే లండన్‌లో విల్‌ఫ్రెడ్ హారిస్ 1926లో, అమెరికాలో బేయార్డ్ హార్టన్ 1939లో దీన్ని వర్ణించారు.

మైగ్రేన్‌కీ దీనికీ తేడా మనిషిని చూస్తేనే తెలుస్తుంది. మైగ్రేన్ వచ్చినవాళ్ళు చీకటి గదిలో కదలకుండా పడుకుంటారు. క్లస్టర్ వచ్చినవాళ్ళు పడుకోలేరు. గదిలో అటూ ఇటూ తిరుగుతారు, తల గోడకేసి కొట్టుకుంటారు. ఆత్మహత్య ఆలోచన వచ్చేంత నొప్పి ఇది. ఈ ఒక్క ప్రశ్న అడగకపోవడం వల్ల ఎంతోమంది పంటి నొప్పి అనుకుని మంచి పళ్ళు పీకించుకున్నారు, సైనస్ ఆపరేషన్లు చేయించుకున్నారు. దీనికి మందు ఏమిటో తెలుసా? మాస్కులోంచి ఆక్సిజన్! 1981లో లీ కుడ్రో అనే వైద్యుడు దీని ఫలితాన్ని చూపించాడు. 2009లో బ్రిటన్‌లో జరిగిన పరీక్షలో నిమిషానికి 12 లీటర్ల చొప్పున ఆక్సిజన్ పీల్చినప్పుడు 78 శాతం, ఉత్త గాలి పీల్చినప్పుడు 20 శాతం సందర్భాల్లో పావుగంటలో నొప్పి పోయింది లేదా చాలావరకు తగ్గింది. నొప్పి పేరు తెలియాలి, అంతే. తెలియకపోతే పన్ను పోతుంది, నొప్పి పోదు.

మళ్ళీ మైగ్రేన్ దగ్గరికి. రై ధాన్యం మీద పెరిగే ఎర్గాట్ అనే ఒక బూజు ఉంది. మధ్యయుగపు ఐరోపాలో దాంతో చేసిన రొట్టెలు తిని జనం కాళ్ళూ చేతులూ కుళ్ళి చచ్చిపోయేవారు. అది రక్తనాళాలను అంతగా బిగించేస్తుంది. స్విట్జర్లాండులో ఆర్థర్ స్టోల్ 1918లో అందులోంచి ఎర్గోటమిన్‌ను విడదీశాడు. 1920లలో దాన్ని మైగ్రేన్‌కి వాడారు, పనిచేసింది. 1938లో న్యూయార్క్‌లో హెరాల్డ్ వుల్ఫ్, తన సహచరుడు గ్రాహంతో కలిసి, ఈ మందు ఇచ్చినప్పుడు కణత దగ్గర నాడి కొట్టుకునే జోరు తగ్గడం, దాంతోపాటు నొప్పి తగ్గడం కొలిచి చూపించాడు. ఇంకేముంది, విల్లిస్ ఊహ నిజమైంది, రక్తనాళాలు ఉబ్బడమే కారణం అన్నారు. తర్వాతి తరాల వైద్యులు అదే చదువుకున్నారు.

ఆ లెక్క మీదే, 1972 నుంచి గ్లాక్సో కంపెనీలో పాట్రిక్ హంఫ్రీ బృందం, తల రక్తనాళాలను బిగించే మందు కోసం వెతికింది. 1991లో సుమాట్రిప్టాన్ బయటకొచ్చింది. మంచం దిగలేనివాళ్ళు గంటా రెండు గంటల్లో లేచి పనికి వెళ్ళగలిగారు. తమాషా ఏమిటంటే, మందు నిజం, సిద్ధాంతం సగమే నిజం. రక్తనాళాల ఉబ్బుకీ నొప్పికీ లెక్క సరిగ్గా కుదరడం లేదని తర్వాత తేలింది. ఈ మందు నరాల చివర్ల మీద కూడా పనిచేస్తోంది. 1990లో పీటర్ గోడ్స్‌బీ, లార్స్ ఎడ్విన్సన్ మైగ్రేన్ వచ్చినప్పుడు మెడ సిరలోని రక్తంలో సీజీఆర్‌పీ అనే పదార్థం పెరుగుతోందని చూపించారు. ముఖానికీ తలకూ వెళ్ళే ట్రైజెమినల్ నరం విడుదల చేసే పదార్థం అది. దాన్ని అడ్డుకునే మొదటి యాంటీబాడీ ఇంజెక్షనుకు 2018లో అమెరికాలో అనుమతి వచ్చింది. 2021లో ఈ పరిశోధనకు నలుగురు శాస్త్రవేత్తలకు బ్రెయిన్ ప్రైజ్ ఇచ్చారు. మొత్తానికి, లివింగ్ 1873లో చెప్పిన నరాల తుఫానుకే ఎక్కువ బలం దొరికింది.

ఇంకో మందు కథ వినండి. 1960లలో గుండెనొప్పి కోసం ప్రొప్రనొలాల్ వాడుతున్న రోగికి, దాంతో తన మైగ్రేన్ కూడా తగ్గుతోందని తెలిసింది. ఇవాళ మైగ్రేన్ రాకుండా ఆపడానికి వాడే ముఖ్యమైన మందుల్లో అదొకటి. రోగి చెప్పకపోయినా, వైద్యుడు కొట్టిపారేసినా మనకు ఆ మందు దక్కేది కాదు.

అయితే 1988 దాకా ఒక ఇబ్బంది ఉండేది. ఒక దేశపు డాక్టరు మైగ్రేన్ అన్నది ఇంకో దేశంలో మైగ్రేన్ కాకపోవచ్చు. ఆ సంవత్సరం డెన్మార్క్ వైద్యుడు జెస్ ఓలెసన్ అధ్యక్షతన అంతర్జాతీయ తలనొప్పి సంఘం ఒక పట్టిక తయారుచేసింది. 2018లో దాని మూడో కూర్పు వచ్చింది. చూస్తే ఆశ్చర్యం వేస్తుంది, అందులో ముఖ్యంగా ఉన్నవి రోగిని అడగాల్సిన ప్రశ్నలే. మందు వేసుకోకపోతే నొప్పి 4 నుంచి 72 గంటలు ఉంటుందా? ఒక పక్కేనా? నాడి కొట్టుకున్నట్టు పోటా? పని చేసుకోలేనంతగా ఉంటుందా? మెట్లెక్కితే పెరుగుతుందా? ఈ నాలుగింటిలో రెండు ఉండి, వికారమో వాంతో, లేదంటే వెలుతురూ చప్పుడూ రెండూ పడకపోవడమో ఉండి, అలా కనీసం అయిదుసార్లు వస్తే, వేరే కారణం లేకపోతే, అది మైగ్రేన్. తలకు రెండు పక్కలా పట్టీ బిగించినట్టుండి, పోటు లేకుండా, పని చేసుకోగలిగేంత మాత్రంగా ఉంటే అది టెన్షన్ రకం. అందరికంటే ఎక్కువమందికి వచ్చేది అదే.

మన దగ్గర ఒక అలవాటుంది. "నాకు సైనస్ అండీ" అనేస్తాం. చీముతో కూడిన చీమిడి, జ్వరం లేకుండా, వికారంతో, వెలుతురు పడకుండా వచ్చే సైనస్ నొప్పి చాలాసార్లు మైగ్రేనే. మైగ్రేన్‌లో కూడా ముక్కు కారుతుంది, అందుకే ఈ పొరపాటు. ఇంకో అలవాటు, ఆడవాళ్ళ తలనొప్పిని "పని తప్పించుకోవడానికి వంక" అనుకోవడం. మైగ్రేన్ మగవాళ్ళకంటే ఆడవాళ్ళలో రెండు మూడు రెట్లు ఎక్కువ. నెలసరికి ముందు హార్మోన్ల మార్పు దానికి ఒక ముఖ్య కారణం. ఆన్ కాన్వేకి మందు దొరకలేదు, ఆ కాలం అది. ఇవాళ మందు ఉండి కూడా, నమ్మేవాళ్ళు లేక ఒకావిడ చీకటి గదిలో పడి ఉంటే, ఆ తప్పు కాలానిది కాదు.

మూడోది బిళ్ళల లెక్క. ఎర్గోటమిన్ మరీ ఎక్కువగా వాడేవాళ్ళకి ఆ మందు వల్లే తలనొప్పి వస్తోందని 1951లోనే పీటర్స్, హార్టన్ రాశారు. ఇప్పుడు లెక్క ఇదీ: అంతకుముందే తలనొప్పి ఉన్నవాళ్ళు మామూలు నొప్పి బిళ్ళలు నెలకు 15 రోజులు, ట్రిప్టాన్లు గానీ రెండు మూడు మందులు కలిపిన బిళ్ళలు గానీ 10 రోజులు, అలా మూడు నెలలు దాటి వాడితే, ఆ మందే కొత్త తలనొప్పి తెచ్చిపెట్టవచ్చు. చీటీ లేకుండా షాపులో కొనుక్కునే మన దేశంలో ఇది చాలా ముఖ్యం.

ఆఖరుగా, ఇంట్లో బిళ్ళ వేసుకుని ఆగకూడని తలనొప్పులు. పిడుగు పడినట్టు ఒక్క నిమిషంలోపే పతాక స్థాయికి చేరేది, మెదడు చుట్టూ రక్తస్రావం కావచ్చు. జ్వరంతో మెడ బిగుసుకుపోవడం. కాలో చెయ్యో పడిపోవడం, మాట తడబడటం, స్పృహ తప్పడం. తలకు దెబ్బ తగిలాక వచ్చేది. గర్భిణులకూ బాలింతలకూ కొత్తగా వచ్చేది. 50 దాటాక మొదటిసారి వచ్చేది, అందులోనూ నమిలితే దవడ నొప్పి, చూపు మసక ఉంటే మరీ త్వరగా వెళ్ళాలి, ఆలస్యమైతే చూపు పోవచ్చు. రోజురోజుకీ పెరిగేది. 1891లో క్వింకే వెన్నులోంచి నీరు తీసే పరీక్ష తెచ్చాక, 1971లో లండన్‌లో మొదటి రోగికి సీటీ స్కాన్ తీశాక, వీటిలో చాలావాటిని సమయానికి పట్టుకోగలుగుతున్నాం. సమయానికి వెళ్ళడం మాత్రం మన చేతిలో ఉంది.

మిగతా తలనొప్పులకి ఒక చిన్న పని చేయండి. ఒక నోటుపుస్తకం పెట్టుకోండి. తేదీ, మొదలైన వేళ, ఏ పక్క, ఎంతసేపు, వాంతి వచ్చిందా, ముందురోజు నిద్ర ఎలా ఉంది, భోజనం మానేశారా, నెలసరి తేదీ, ఎన్ని బిళ్ళలు వేసుకున్నారు. రెండు నెలలు రాసి డాక్టరుగారి ముందు పెట్టండి. హ్యూబర్ట్ ఏరీ చేసిందీ, లాష్లీ చేసిందీ ఇంతకన్నా పెద్ద పనేం కాదు. మన ఇంట్లో ఎవరైనా "తల పగిలిపోతోంది" అంటే, బిళ్ళ ఇచ్చే ముందు "ఎలా ఉంది, ఎక్కడ ఉంది" అని ఒక్కసారి అడుగుదాం.